చర్చికి వెళ్లి దేవుని బిడ్డగా కూర్చోవడం ఎలా

చర్చికి వెళ్లేవాళ్లలో చాలామంది ఏదో ఒకటి అడగడానికే వెళతారు. ఉద్యోగం, ఆరోగ్యం, పెళ్లి, పిల్లల చదువు. అందులో తప్పేమీ లేదు, అడగమని యేసే చెప్పాడు. కానీ అర్జీ పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి అడిగే తీరు వేరు, సొంత ఇంట్లో బిడ్డ అడిగే తీరు వేరు. క్రైస్తవ ఆరాధన మొత్తం ఈ రెండో తీరులో మనల్ని కూర్చోబెట్టడానికే ఏర్పడింది. ఎక్కడ చూడాలో తెలియక ఆ సంగతి మన పక్కనుంచే వెళ్లిపోతుంది.

ఒక ఆదివారం ఆరాధనను ఆధారం చేసుకుని, ‘నేను దేవుని బిడ్డను’ అన్న మాటను నిలకడగా ఆలోచించాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటిసారి వెళ్లేవాళ్లకూ పనికొస్తుంది, ఏళ్ల తరబడి అదే బెంచీ మీద కూర్చుంటున్నవాళ్లకూ పనికొస్తుంది. రెండో రకం వాళ్లకే దీని అవసరం ఎక్కువని నా నమ్మకం.

ముందు రోజు

ఎలాంటి ఆరాధన జరుగుతుందో కనుక్కుని వెళితే కంగారు ఉండదు. కతోలిక, ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ చర్చిల్లో రాసిపెట్టిన ఆరాధన క్రమం ఉంటుంది. ఎప్పుడు నిలబడాలో, ఏం పలకాలో పుస్తకంలోనో తెర మీదో కనబడుతుంది. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో అలాంటి పుస్తకం సాధారణంగా ఉండదు. పాటలు, ప్రార్థనలు, సాక్ష్యాలు (దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం), దీర్ఘమైన వాక్య సందేశం ఉంటాయి. కతోలిక పూజ దాదాపు గంటలో అయిపోతుంది. ఆర్థడాక్స్ ఆరాధన, పెంతెకొస్తు కూడిక రెండు గంటలు దాటడం మామూలే. సమయం, భాష ముందే అడిగి తెలుసుకోండి. బట్టలు శుభ్రంగా, ఒంటి నిండా ఉంటే చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

ఇంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది. ఆ రాత్రి లూకా సువార్త 15వ అధ్యాయం తీసి 11 నుంచి 32 వచనాల దాకా చదవండి. ఆస్తిలో వాటా తీసుకుని ఇల్లు వదిలి, అంతా పోగొట్టుకున్న కుమారుడి కథ, యేసు చెప్పింది. తెలిసిందే కదా అని దాటేయకండి, ఒక చోట ఆగాలి. పందుల దగ్గర ఆకలితో మాడుతున్న చిన్నకొడుకు, ఇంటికి వెళ్లి తండ్రితో ఏం చెప్పాలో ముందే కూర్చుకుంటాడు. 18, 19 వచనాల్లో ఉన్న ఆ మాటల్లో మూడు సంగతులున్నాయి: పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోవడానికి ఇక తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇప్పుడు 21వ వచనానికి రండి. తండ్రి దూరం నుంచే చూసి, పరుగెత్తి వచ్చి, మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాక కొడుకు నోరు విప్పాడు. మొదటిది చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోది రాలేదు. ఆ లోపే తండ్రి పనివాళ్ల వైపు తిరిగి వస్త్రం తెమ్మంటున్నాడు, వేలికి ఉంగరం పెట్టమంటున్నాడు, కాళ్లకు చెప్పులు తొడగమంటున్నాడు. కూలికి ఉంటానన్న బేరం నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, దేవుడి ముందు పెట్టడానికి మీరు సిద్ధం చేసుకున్న మూడో మాట ఏమిటో రాయండి. ‘ఇకనుంచి ప్రతి వారం వస్తాను.’ ‘ఈ అలవాటు మానేస్తాను, ఇదొక్కటి చెయ్యి.’ ‘నాలాంటివాడికి ఎక్కువ అక్కర్లేదు, ఓ మూల చోటిస్తే చాలు.’ ఏదైనా సరే దాచకుండా రాయండి. ఆ నిర్ణయాల్లో మంచివీ ఉండొచ్చు. కానీ ఇంట్లోకి రానివ్వడానికి తండ్రి అడిగిన వెల అది కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకోండి, రేపు పనుంది దానితో.

గుమ్మం దాటాక

ఆరాధన మొదలయ్యే సమయానికి పది పదిహేను నిమిషాలు ముందే చేరుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి లోపల వేసేయండి. చెప్పులు బయట విడవాలా, స్త్రీలు తల మీద ముసుగు వేసుకోవాలా, స్త్రీ పురుషులు వేరువేరు వైపుల కూర్చోవాలా అన్నవి చోటును బట్టి మారతాయి. ముందు వెళ్తున్నవాళ్లను చూస్తే తెలిసిపోతుంది. కొత్తవాళ్లయితే మధ్య వరుసల్లో కూర్చోవడం మేలు. ముందు నాలుగైదు వరుసలు కనబడతాయి కాబట్టి, వాళ్లు లేచినప్పుడు లేవొచ్చు, కూర్చున్నప్పుడు కూర్చోవచ్చు. మోకరించడం, సిలువ గుర్తు వేసుకోవడం మీకు అలవాటు లేకపోతే చేయనక్కర్లేదు, మౌనంగా కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు.

కొన్ని సంఘాల్లో కొత్తగా వచ్చినవాళ్లను లేచి నిలబడి పేరు చెప్పమంటారు. ప్రేమతోనే అడుగుతారు కానీ, అందరికీ అది సులువు కాదు. మీకు ఇష్టం లేకపోతే తలుపు దగ్గర పలకరించేవాళ్లతో ముందే ఒక మాట చెప్పండి.

కూర్చున్న వెంటనే పెద్ద ప్రార్థన మొదలుపెట్టకండి. ‘తండ్రీ, వచ్చాను’ అనండి. అంతవరకే. మిగతా నిమిషాలు ఊరికే ఉండండి. కోరికల జాబితా మనసులోకి తోసుకొస్తుంది, రానివ్వండి. పోట్లాడక్కర్లేదు, దాన్ని పట్టుకుని సాగదీయనూ అక్కర్లేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు చెప్పినట్టు, మీరు అడగక మునుపే మీకు ఏం కావాలో మీ తండ్రికి తెలుసు.

ఆరాధన జరుగుతుండగా

అన్నిటి మీదా సమానంగా దృష్టి పెట్టాలని చూడకండి, అలసిపోతారు. నాలుగు చోట్ల మాత్రం మెలకువగా ఉండండి.

మొదటిది పాపపు ఒప్పుకోలు. క్రమం ఉన్న చాలా చర్చిల్లో ఇది ఆరాధన మొదట్లోనే వస్తుంది. మడిచి పెట్టుకున్న కాగితం గుర్తుకు తెచ్చుకోండి. మొదటి రెండు మాటలూ మనస్ఫూర్తిగా చెప్పండి, మూడోది చెప్పకుండా ఆగండి. చేసి చూస్తే తెలుస్తుంది, తప్పు ఒప్పుకోవడం కంటే బేరం పెట్టకుండా ఉండడమే కష్టం.

రెండోది మీరు చూడగలిగేది: బాప్తిస్మపు తొట్టి. కతోలికులైతే జ్ఞానస్నానపు తొట్టి అంటారు. చాలా పాత చర్చిల్లో ప్రవేశ ద్వారం దగ్గరే ఉంటుంది, సంఘంలోకి రావడం ఆ నీళ్ల గుండానే అని చెప్పడానికి. ముంచడం ద్వారా బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో వేదిక దగ్గరో ఆవరణలోనో తొట్టి కట్టి ఉంటుంది, లేదా నదికో చెరువుకో వెళతారు. ఆ తొట్టి కనబడితే యేసు బాప్తిస్మాన్ని తలుచుకోండి. నీళ్లలోనుంచి బయటికి వచ్చినప్పుడు, ‘ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను’ అని ఆకాశం నుంచి స్వరం వినిపించిందని మత్తయి 3వ అధ్యాయం చెబుతోంది. అప్పటికి ఆ సువార్తలో యేసు ఒక్క అద్భుతమూ చేయలేదు, ఒక్క రోగినీ బాగుచేయలేదు, కొండమీది ప్రసంగం ఇంకా రెండు అధ్యాయాల అవతల ఉంది. తండ్రి సంతోషం పనికి ముందే వచ్చింది. పని ఆ సంతోషంలోనుంచి బయలుదేరింది. మనం రోజూ దీన్ని తలకిందులు చేసుకుని బతుకుతాం కాబట్టి, ఈ ఒక్క సంగతి దగ్గర ఎంతసేపు ఆగినా ఎక్కువ కాదు.

మూడోది పరలోక ప్రార్థన. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని సంఘమంతా కలిసి మొదలుపెట్టే చోటు. నాలుగో శతాబ్దంలో చాలా సంఘాలు బాప్తిస్మం దగ్గరపడే దాకా ఈ ప్రార్థనను కొత్తవాళ్లకు నేర్పేవి కావు. దేవుణ్ని తండ్రీ అని పిలవడం బిడ్డలకు దక్కిన హక్కుగా చూసేవారు. ఇప్పటికీ కతోలిక పూజలో గురువు ‘ఇలా పలకడానికి మేం సాహసిస్తున్నాం’ అన్న భావం వచ్చే మాటలతోనే దీనికి నాంది పలుకుతాడు. కంఠస్థం వచ్చు కదా అని గబగబా అనేస్తాం గానీ, నిజంగా సాహసమే అది.

ఈసారి మీరు నోరు మూసుకుని, మొదటి రెండు వాక్యాలు చుట్టూ వినండి. ఒక ముసలాయన గొంతు అందరికంటే అర మాట వెనక ఉంటుంది. ఒక చిన్నపిల్ల అందరికంటే ముందు పరుగెడుతుంది, సగం మాటలు తప్పు. వెనక వరుసలో ఎవరో పలకడం లేదు, కళ్లు మూసుకుని ఉన్నారు. ఈ ప్రార్థనలో ‘నా’ అన్న మాట ఎక్కడా లేదు. మా తండ్రి, మా అనుదినాహారం, మా ఋణములు (అంటే దేవుడి ముందు మన తప్పులు). మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ దీని గురించే రాస్తూ, మన ప్రార్థన అందరిదీ, మనం ఒక్కరి కోసం కాక ప్రజలందరి కోసం ప్రార్థిస్తాం అన్నాడు. ఆ ముసలాయన అన్నం కోసం మీరూ అడుగుతున్నారు, మీ అప్పు మాఫీ కోసం ఆ చిన్నపిల్లా అడుగుతోంది. మూడో వాక్యం నుంచి మీరూ కలవండి.

నాలుగోది ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోటు. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. కతోలిక, ఆర్థడాక్స్ చర్చిల్లో దివ్యసత్ప్రసాదం (ఆ బల్ల దగ్గర ఇచ్చేదే) తమ సంఘ సభ్యులకే ఇస్తారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో బాప్తిస్మం పొందినవాళ్లకు ఇవ్వడం సాధారణ పద్ధతి, కొన్ని చోట్ల ఇంకా షరతులుంటాయి. మీరు పాల్గొనవచ్చో లేదో తెలియకపోతే కూర్చునే ఉండండి. చాలా కతోలిక, ఆంగ్లికన్ చర్చిల్లో చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని ముందుకు వెళితే ఆశీర్వాదం ఇస్తారు, ముందే ఎవరినైనా అడిగి చూడండి. బల్ల దగ్గరికి వెళ్లలేదు కాబట్టి నేను బిడ్డను కానేమో అని మాత్రం అనుకోకండి. కూర్చుని చూసేవాళ్లకు కనబడేది కూడా తక్కువేం కాదు: ఒకే రొట్టె కోసం యజమానీ పనిమనిషీ ఒకే వరుసలో నిలబడి చేతులు చాపడం.

కానుకల సంచి వచ్చినప్పుడు వేయాలనిపిస్తే వేయండి, లేకపోతే పక్కవాళ్లకు అందించండి. కొత్తవాళ్లు ఇవ్వాలని నియమం లేదు. ఒక సంగతి గట్టిగా చెప్పాలనుంది. స్వస్థతకో దీవెనకో ఇంత అని వెలకట్టే చోటు, కానుక తగ్గితే శాపం అని భయపెట్టే చోటు ఎదురైతే లేచి వచ్చేయండి. బిడ్డ దగ్గర తండ్రి రుసుము పుచ్చుకోడు.

ముగిశాక: అసలు ధ్యానం

ఆశీర్వాదం అయ్యాక వెంటనే లేవకండి. జనం వెళ్లేదాకా పది నిమిషాలు కూర్చునే ఉండండి. చర్చి మూసేస్తుంటే ఆవరణలో కూర్చోవచ్చు, ఇంటికి వెళ్లాకైనా చేయొచ్చు. ఒక్క వాక్యం తీసుకోండి. రోమా పత్రిక 8వ అధ్యాయం 15వ వచనం అయితే నాకు ఇష్టం. మనం పొందింది మళ్లీ భయపడే దాస్యపు ఆత్మ కాదు, దత్తపుత్రాత్మ, అంటే దత్తత తీసుకున్న బిడ్డలుగా చేసే ఆత్మ అని, రోములోని క్రైస్తవులకు ఆ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు అక్కడ చెబుతాడు. దాన్ని మెల్లగా చదివి, మధ్యలో ఆగి, మళ్లీ చదవండి.

దత్తత అన్నది ఆ పత్రిక విన్న రోము నగరవాసులకు బాగా తెలిసిన వ్యవహారం. పౌలు ఆ ఉత్తరం దాదాపు క్రీ.శ. 57లో రాశాడు. అంతకు అర్ధ శతాబ్దం ముందు, క్రీ.శ. 4లో, అగస్టస్ చక్రవర్తి తిబెరియను దత్తత తీసుకున్నాడు. క్రీ.శ. 14లో అతనే సింహాసనం ఎక్కాడు. అగస్టస్ కూడా జూలియస్ సీజరు వీలునామాతో దత్తుడైనవాడే. రోమను చట్టంలో దత్తత వచ్చినవాడు అరకొర కొడుకు కాదు, పేరూ వారసత్వమూ పూర్తిగా అతనివే. ఆ వీధుల్లో బతికేవాళ్లకు, అందులో ఎందరో బానిసలకు, ‘మీరు దేవుని దత్తపుత్రులు, క్రీస్తుతోడి వారసులు’ అన్న మాట వినబడింది. ఈ లెక్కలో ‘నాకు తగునా’ అన్న ప్రశ్నకు చోటే లేదు. దత్తత ఎప్పుడూ తీసుకునేవాడి నిర్ణయం.

ఇక్కడ ఒక సందేహం రావాలి, వస్తే మంచిదే. మనుషులందరూ దేవుని పిల్లలేనా, నమ్మినవాళ్లేనా? బైబిలు రెండూ చెబుతుంది. ఏథెన్సులో పౌలు విగ్రహారాధకుల ముందు నిలబడి, మనమందరం ఆయన సంతానమే అన్న గ్రీకు కవి మాటను ఒప్పుకుంటూ చెప్పాడు, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో. యోహాను సువార్త 1వ అధ్యాయం 12వ వచనమేమో, తన్ను అంగీకరించినవాళ్లకు దేవుని పిల్లలయ్యే అధికారం ఇచ్చాడంటుంది. పుట్టించినవాడిగా ఆయన అందరికీ తండ్రి. ఆ బంధాన్ని ఎరిగి, క్రీస్తును నమ్మి ఇంటికి చేరడం మరో అడుగు. నేను ఈ రెండింటినీ కలిపే పట్టుకుంటాను. మొదటిది వదిలేస్తే చర్చి బయటివాళ్లను చిన్నచూపు చూస్తాం. రెండోది వదిలేస్తే ఆ చిన్నకొడుకు లేచి ఇంటికి రావలసిన అవసరమే లేకుండా పోతుంది.

ఇంకో కష్టం ఉంది, దీన్ని చాలా ప్రసంగాలు ముట్టుకోవు. కొందరికి ‘తండ్రి’ అన్న మాట వినగానే ఊరట కలగదు. తాగి కొట్టినవాడో, వదిలేసి పోయినవాడో, ఎంత చేసినా మెచ్చనివాడో కళ్ల ముందు నిలబడతాడు. అలాంటివాళ్లు మీరైతే ఆ మాటను బలవంతాన నోట పలికించుకోకండి. యెషయా 49వ అధ్యాయం 15వ వచనానికి వెళ్లండి. అక్కడ దేవుడు పాలిచ్చే తల్లితో తన్ను పోల్చుకుని, ఆమె మరిచినా నేను నిన్ను మరువను అంటాడు. 27వ కీర్తన 10వ వచనం ఇంకా సూటిగా ఉంటుంది: ‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును.’ ఈ రెండింటిలో ఏదో ఒకటి చాలు ఈ వారానికి. మీ నాన్నను బట్టి దేవుణ్ని ఊహించుకోవాల్సిన పనిలేదు. మీకు దొరకాల్సి ఉండి దొరకనిది ఏమిటో మీకు తెలుసు కదా, దాన్ని ఆయన ముందు పెట్టండి. ఏడుపు వస్తే రానివ్వండి. గాయం లోతైతే ఒక మంచి కౌన్సెలరుతోనో, నమ్మకస్తులైన పెద్దలతోనో కూడా మాట్లాడండి.

చివరగా, రాసుకున్న కాగితం తీయండి. ఆ మూడో మాటను కొట్టేయండి. దాని కింద, తండ్రి ఏం జవాబిచ్చి ఉంటాడో మీ సొంత మాటల్లో రాయండి. ఏమీ తోచకపోతే లూకా 15లో, తమ్ముడికి విందు చేశారని అలిగిన పెద్దకొడుకుతో తండ్రి అన్న మాట రాసుకోవచ్చు: ‘నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు, నావన్నియు నీవి.’ చర్చిలో ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఆ మాటే సరిపోతుంది. పెద్దకొడుకు ఇల్లు వదల్లేదు కానీ, ‘ఇన్నేళ్లుగా నీకు సేవ చేస్తున్నాను, ఒక మేకపిల్లయినా ఇవ్వలేదు’ అని జీతం బాకీ ఉన్నట్టే మాట్లాడాడు. వాళ్లిద్దరి జబ్బూ ఒకటే. ఒకడు కూలివాడిగా తిరిగి రాబోయాడు, రెండోవాడు ఇంట్లో ఉండే కూలివాడయ్యాడు.

పక్కనున్నవాళ్ల సంగతి

బిడ్డనని అనుకున్నాక తోబుట్టువులు తప్పరు. ఆ పెద్దకొడుకు తమ్ముణ్ని తమ్ముడు అనలేకపోయాడు, ‘నీ కొడుకు’ అన్నాడు తండ్రితో. అందుకే బయటికి వచ్చేటప్పుడు ఒక పని చేయండి. ఒంటరిగా నిలబడ్డ ఒక్కరిని పలకరించండి. పేరు అడగండి, వాళ్లు చెప్పేది వినండి. రెండు మూడు నిమిషాల పనే. మీరే కొత్తవాళ్లయినా చేయొచ్చు.

పోట్లాడి మాటలు మానేసినవాళ్లు అదే చర్చిలో ఉంటే ఇది రెండు మూడు నిమిషాల పని కాదు. సమాధానపరచేవాళ్లు దేవుని కుమారులనబడతారని కొండమీది ప్రసంగం చెబుతోంది. శత్రువులను ప్రేమించమన్నదీ, తండ్రికి పిల్లలై ఉండేందుకే అన్నదీ అక్కడే. ఈ వారమే ఫోన్ చేయగలిగితే చేయండి. చేయలేకపోతే పరలోక ప్రార్థనలో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న చోట వాళ్ల పేరు మనసులో తలుచుకోండి. ఎదుటివాళ్లు హింసించినవాళ్లయితే క్షమించడమంటే మళ్లీ వాళ్ల చేతికి చిక్కడం కాదు, దూరంగా ఉంటూనే ఆ పేరు తలుచుకోవచ్చు.

వారమంతా

ఒక్క ఆరాధనతో ఇది లోపలికి దిగదు. మొదటి శతాబ్దపు చివరికో రెండో శతాబ్దపు మొదటికో చెందిన దిదాఖే అనే చిన్న గ్రంథం పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంటుంది. మీరు ఒక్కసారే చేయండి, కానీ రోజుకు ఒక్క వాక్యమే తీసుకోండి. సోమవారం ‘మా తండ్రీ’ దగ్గరే ఉండిపోండి. ఆఫీసులోనో ఇంట్లోనో ఎవరైనా మాట తూలినప్పుడు, ‘నేనెవరి బిడ్డను’ అని ఒక్క క్షణం మిమ్మల్ని మీరే అడిగి తర్వాత జవాబివ్వండి. రోజంతా ఎన్నిసార్లు మరిచిపోయినా లెక్కపెట్టుకోవద్దు.

కష్టం వచ్చిన రోజున మాత్రం, తండ్రి శిక్షిస్తున్నాడని వెంటనే తేల్చుకోకండి. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం తండ్రి క్రమశిక్షణ గురించి మాట్లాడుతుంది, నిజమే. కానీ పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగినప్పుడు, వీడిదీ కాదు వీడి కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు, యోహాను 9వ అధ్యాయంలో. వేరేవాళ్ల కష్టానికి కారణం చెప్పే పని అసలే పెట్టుకోకండి.

ఇలా కొన్ని వారాలు సాగాక బాప్తిస్మం తీసుకోవాలనో, ఆ సంఘంలో చేరాలనో అనిపిస్తే పాస్టరు గారినో ఫాదర్ గారినో కలవడానికి సమయం అడగండి. తొందర లేదు. కతోలిక సంఘంలో పెద్దవాళ్లకు జ్ఞానస్నానానికి ముందు నెలల తరబడి బోధన ఉంటుంది, సాధారణంగా ఈస్టరు జాగరణ రాత్రి ఇస్తారు. చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లోనూ బాప్తిస్మపు తరగతులు ఉంటాయి. సందేహాలన్నీ రాసుకుని వెళ్లి ఒక్కొక్కటే అడగండి. మీ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే సంఘాన్నే ఎంచుకోండి, ఇంట్లో ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది కూడా వాళ్లతో కలిసి ఆలోచించుకోండి.